డిస్క్‌లో ఉండిపోయిన మూడు వీడియోలు

ఎంతసేపు, అని అడిగారు డాక్టరు గారు.

రెండు నిమిషాలు, అన్నాను. తడుముకోలేదు. ఆయన కాగితం మీద రాసుకున్నారు.

పాపకు అప్పటికి మూడో నెల నడుస్తోంది. నిద్రలో ఉన్నట్టుండి రెండు చేతులూ ఎగరేసేది. ఉలిక్కిపడడం వేరు, అది నాకు తెలుసు. ఇది వరసగా, ఎవరో లోపలినుంచి తాళం వేస్తున్నట్టు, టక్ టక్ టక్ మని. పెదవులు బిగుసుకునేవి. మొదటిసారి చూసినప్పుడు ఎత్తుకోవడమే తోచింది. రెండోసారికి ఫోను అందుకున్నాను. అలా రెండు వారాల్లో మూడు వీడియోలు తీశాను. ఫోను నిండిపోయి కొత్తవి తీయనివ్వకపోతే, అన్నిటినీ ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించి ఫోన్లోంచి తీసేశాను. మంగళవారం భవానీపూర్‌లో డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు నా దగ్గర ఉన్నవి మాటలే.

ఆయన హిందీలో మెల్లగా చెప్పారు. రెండు నిమిషాలంటే మూర్ఛ కావచ్చు, ఊరుకునేది కాదు, మందు మొదలుపెట్టాలి. కాని ఆ మందు చిన్నది కాదు. పిల్ల మగతగా ఉంటుంది, పాలు సరిగా తాగకపోవచ్చు, ఒకసారి మొదలెడితే మనకు తోచినప్పుడు ఆపడానికి లేదు. తలకు తీసే పరీక్షకు తేదీ దొరకడానికి చాలా రోజులు పడుతుంది. వీడియోలు ఉన్నాయంటున్నారు కదా, సోమవారం పట్టుకురండి, నా కళ్లతో చూసి నిర్ణయిస్తాను. లేకపోతే మీరు చెప్పినదాన్ని బట్టే మందు రాస్తాను, అంతకంటే ఆగలేను.

బుధవారం రాత్రంతా వాన. తెల్లారేసరికి గార్డెన్ రీచ్‌లో మా వీధి కాలవైపోయింది. మాది కింది వాటా. కంప్యూటర్ సీపీయూని నేల మీద రెండు ఇటికల ఎత్తున పెట్టుకున్నాం, ఈ వీధిలో అందరూ ఫ్రిజ్‌నీ బీరువానీ పెట్టుకున్నట్టే. నీళ్లు మూడు ఇటికలు వచ్చాయి.

నేను పాపను ఎత్తుకుని మంచమెక్కి నిలబడితే మావయ్య నీళ్లలోకి దిగకముందే మెయిన్ ఆపేశారు. ఆయన ఓడరేవులో క్రేన్ల కరెంటు పని చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు ఊరినుంచి పద్దెనిమిదేళ్లకు వచ్చి, నౌకరీ అంతా ఇక్కడే గడిపారు. అత్తయ్య నేను కాపురానికి రాకముందే పోయారు. మా ఆయన సంత్రాగాఛిలో గూడ్సు బండి గార్డు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. నేను విజయనగరంలో బీఎస్సీ చదివి పెళ్లై ఈ బెంగాలీ ఊరొచ్చాను. ఇంట్లో పగలంతా మేం ముగ్గురమే. మావయ్య, పాప, నేను.

నీళ్లు తీశాక సీపీయూ ఆన్ కాలేదు. కాదని మావయ్య ముందే చెప్పారు. గురువారం ఆయనే దాన్ని విప్పి, పై అరలో ఉన్న హార్డ్ డిస్క్‌ను బయటికి తీశారు.

"కింద నున్నవన్నీ పోనాయమ్మా. ఇదొక్కటీ తడవనేదు. నీ గుంట బొమ్మలు ఇందులోనే గదా ఉన్నాయి?"

"పాప బొమ్మలు కాదు మావయ్యా, వీడియోలు. సోమవారానికి కావాలి."

"సోమవారానికే ఇచ్చీద్దాం. కంగారెందుకు?"

నాకు కంగారెందుకో ఆయనకు తెలుసు, కాని ఆయన ఒప్పుకోలేదు. పసిగుంటలు కలల్లో ఎగురుతారు, మా అబ్బాయీ అలాగే ఎగిరేవోడు, దానికి మందేటి, అనేవారు. నేనేమో ఆయన ఎదురుగా లేనప్పుడు మా ఆయనకు ఫోన్ చేసి, మీ నాన్నకు ఇది సీరియస్ అని అర్థం కావడం లేదు అనేదాన్ని.

ఇంకో మాట కూడా రాయాలి. మంగళవారం తరవాత పాపకు అది మళ్లీ రాలేదు. గురువారం, శుక్రవారం, శనివారం నేను మంచం పక్కన ఫోను పట్టుకుని కూర్చున్నాను. మళ్లీ వస్తే మళ్లీ తీయవచ్చు, డిస్క్ గొడవే ఉండదు. రాకూడదని మొక్కుకోవలసిన తల్లిని, రావాలని కెమెరా తెరిచి ఎదురుచూశాను. పాప హాయిగా నిద్రపోయింది.

శనివారం మా ఆయన ఇంటికొస్తూ, తోటి ఉద్యోగి ఇంట్లో మూలపడి ఉన్న పాత కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆదివారం తెల్లవారుజామున డ్యూటీకి పోతూ, "దీంట్లో ఆ డిస్క్ తగిలించడమే. రెండు వైర్లు. నువ్వు సైన్స్ చదివావు కదా," అన్నారు. ఆయన బండి కదిలాక సగం దారి ఫోను అందదు.

పది గంటలకు పాపకు పాలిచ్చి పడుకోబెట్టి పని మొదలుపెట్టాను. మావయ్య వచ్చి, కంప్యూటర్ కరెంటు తీగను గోడ దగ్గరా సీపీయూ దగ్గరా రెండు వైపులా ఊడబీకి, చుట్టగా చుట్టి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఓడరేవులో పద్ధతి అదట. క్రేన్ మీద పని చేసేవాడు కింద ఫ్యూజు పీకి తన చొక్కా జేబులో వేసుకుని పైకెక్కుతాడు. వాడు దిగి, తన చేత్తో తిరిగి పెట్టేదాకా ఇంకొకడు స్విచ్ వెయ్యలేడు.

"నా దగ్గరున్నంతసేపూ నీకేటీ అవ్వదు. చెయ్యి పెట్టు," అన్నారు.

డిస్క్ వెనక మూతికి నల్ల టేపు చుట్టి ఉంది. ఆయనే చుట్టారు. దాన్ని ఆయనే విప్పి, తువ్వాలుతో ఓసారి తుడిచి నా చేతికిచ్చారు. ఖాళీ అరలో పెట్టి మరలు బిగించాను. కరెంటు వైరు మా ఆయన తెచ్చిన కంప్యూటర్‌లో ఒకటి ఖాళీగా ఉంది, అది గుచ్చాను. డేటా వైరు మాత్రం తడిసినదాంట్లోంచి తీసి, కడిగి ఎండబెట్టినది. అదీ గుచ్చాను. చేతులు బయటికి తీశానో లేదో చూసుకుని మావయ్య తీగ పెట్టారు.

స్క్రీన్ వెలిగింది. తెరిచి చూస్తే ఆ కంప్యూటర్‌కు ముందునుంచీ ఉన్న డిస్క్ ఒక్కటే. మాది లేదు.

సీపీయూలో చెయ్యి పెట్టబోతే మావయ్య అరిచారు. "కరెంటుందమ్మా! బయట రేకు మీద పెట్టి సూడు."

పెట్టాను. వేళ్లకు సన్నగా వణుకు తగిలింది. చెవి ఆనిస్తే గిర్రుమని తిరుగుతున్న చప్పుడు. బతికే ఉంది. బతికి ఉండి కనిపించడం లేదు. మంచం మీద పాప కదిలింది. నేను ఒక్క అంగలో వెళ్లి నిలబడ్డాను. పాప పెదవులు చప్పరించి మళ్లీ పడుకుంది.

మళ్లీ ఆపి, మావయ్య తీగ ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాక, రెండు వైర్లూ తీసి గట్టిగా గుచ్చాను. ఆన్ చేస్తే లేదు. ఫోనులో వెతికితే ఒకచోట రాసి ఉంది, కంప్యూటర్‌కు కనబడినా దానికి పేరుగా ఒక అక్షరం ఇవ్వకపోతే మనకు కనబడదని, డిస్కులన్నీ వరసగా చూపే పేజీ ఒకటుందని. ఆ పేజీ తెరిచాను. అక్కడా ఒక్కటే. అంటే అసలు కంప్యూటర్‌కే అందడం లేదు.

"మీ కాలేజీలో ఇది సెప్పనేదేటి?" అన్నారు మావయ్య.

"మీ ఓడరేవులో చెప్పారా?"

"మా ఓడరేవులో అయితే పెద్ద సుత్తి తెచ్చేవోళ్లు."

నాకు నవ్వు రాలేదు. పన్నెండు దాటింది. మరునాడు ఈ పాటికి డాక్టరు గారి ముందు ఉంటాను. నేను ఉట్టి చేతులతో వెళితే, నేను చెప్పిన రెండు నిమిషాలను నమ్మి ఆయన మందు రాస్తారు. మూడు నెలల పిల్ల నోట్లో అది నేనే పొయ్యాలి. అది అవసరమైతే పోస్తాను. అవసరమో కాదో తేల్చేది ఆ రేకుడబ్బాలో తిరుగుతూ ఉంది.

మూడోసారి ఆపి, డేటా వైరు రెండో కొసను కంప్యూటర్ బోర్డు మీద పక్క రంధ్రంలోకి మార్చాను. ఈసారి స్క్రీన్ వెలిగాక డిస్కుల పేజీ తెరవగానే కొత్త వరస కనబడింది. డిస్క్ 1 అని, మాదే. కాని దాని పక్కన, ఇదేమిటో తెలియదు అన్నట్టు రాసి ఉంది. దాని మీద చిన్న పెట్టె వచ్చి నిలబడింది. ఈ డిస్క్‌ను వాడుకోవాలంటే ముందు ఇనీషియలైజ్ చెయ్యాలి, ఓకే, క్యాన్సిల్.

ఫోనులో వెతికితే సరిగ్గా ఇదే పెట్టెను చూపిస్తూ ఒక వీడియో దొరికింది. ఎవరో కుర్రాడు హుషారుగా హిందీలో చెబుతున్నాడు, కొత్తగా తగిలించిన డిస్క్ కనబడకపోతే భయపడకండి, ఇక్కడ ఓకే నొక్కండి, అంతే, రెండు నిమిషాల పని.

మౌస్ ఓకే మీదికి తీసుకొచ్చాను.

"ఏటడుగుతోందది?" అన్నారు మావయ్య.

"మొదలుపెట్టమంటావా అని."

"ఏటి మొదలెట్టడం?"

"డిస్క్‌ని. కొత్తగా తగిలించినవాటికి ఇలాగే అడుగుతుందట. ఓకే అంటే కనబడుతుందట."

"కొత్తగా తగిలించినదానికా, కొత్తగా కొన్నదానికా?"

మౌస్ మీద నా వేలు ఆగింది.

"ఇది కొత్తది కాదు గదమ్మా. లోపల సరుకున్నాది. సరుకున్న గొడౌనుని మొదలెట్టడమంటే ఏటి? తుడిసీడమా?"

మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ కుర్రాడి వీడియోను వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. మొదట్లోనే, నేను దాటేసిన చోట, డబ్బా చించి కొత్త డిస్క్ బయటికి తీస్తున్నాడు. ఖాళీది.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అన్నకు, దాదా అని పిలుస్తాం, ఫోన్ చేశాను. ఆయన కొట్టులోకి కూడా నీళ్లొచ్చి మూసి ఉంది. ఎత్తారు. వెనక బకెట్ల చప్పుడు. నా వచ్చీరాని బెంగాలీలో స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించాను.

"బౌదీ, ఓకే టిప్‌బేన్ నా! ఎక్‌దమ్ నా!"

నొక్కొద్దు వదినా, అసలు నొక్కొద్దు. నొక్కలేదన్నాను. నిజంగా నొక్కలేదా? నొక్కలేదు దాదా. ఆయన ఊపిరి వదలడం వినబడింది. తరవాత నా కోసం హిందీలోకి మారి చెప్పారు. ఇందాక అసలు కనబడలేదు, ఇప్పుడు కనబడి చదవలేకపోతోందంటే డిస్క్ పోలేదేమో, మధ్యలో పట్టు సరిగా లేదేమో. బయటికి తియ్యి. వెనక బంగారు రంగు పళ్లుంటాయి, వెలుతురులో చూడు. మురికుంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దు, స్పిరిట్ ఉంటే స్పిరిట్‌తో తుడువు. వైరు కూడా మార్చు. అప్పటికీ రాకపోతే నాకివ్వు, కొట్టు ఆరాక చూస్తాను. ఎప్పటికారుతుంది? వారం, పది రోజులు, బౌదీ.

క్యాన్సిల్ నొక్కి ఆపేశాను. మావయ్య తీగ పీకారు. మరలు విప్పి డిస్క్‌ను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాను. బంగారు పళ్లు మెరవడం లేదు. వాటి మీద పలచగా ఏదో పొర. తువ్వాలు నూలు పోగులు అందులో అతుక్కుని ఉన్నాయి. వేలితో ముట్టుకుంటే జారింది. వాసన చూశాను. ఆ వాసన నాకు తెలుసు. రోజుకు నాలుగుసార్లు పాప తొడల సందున రాస్తాను.

"మావయ్యా, దీనికి ఏం రాశారు?"

"ఎక్కడ?"

"ఇక్కడ. ఈ పళ్లకి."

"వాజిలిన్. రాసీసేను గదా ఆవేళే."

"ఎందుకు?"

ఆయనకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "రాయకపోతే ఎలగమ్మా? ఊడదీసిన మూతి నాలుగు రోజులు ఊరికే వదిలీస్తే తుప్పు తినీదా? ఈ ఊరి గాలేటనుకున్నావు. గ్రీజు రాసి టేపు సుట్టాల. క్రేన్‌కైనా బ్యాటరీకైనా అంతే. ఇంట్లో గ్రీజు నేదు, అందుకనే గుంట డబ్బాలోంచి..."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పీదేటుంది ఇందులో? సెయ్యి కడుక్కున్నానని సెప్తానా?"

ఆ తరవాత నేనన్న మాటలు ఇక్కడ అన్నీ రాయను. ఇది మీ క్రేన్ కాదన్నాను. మీకు ఇది మొదటినుంచీ ఇష్టం లేదన్నాను. డాక్టరు, మందు, వీడియో ఏదీ మీకు పట్టదు, అది కనబడకపోతే మీకు మంచిదే కదా అన్నాను. అది అబద్ధమని అంటున్నప్పుడే తెలుసు. పాప లేచి ఏడ్చింది. ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి ఆయన కుర్చీలో లేరు. గుమ్మంలో, ఇంకా తడి ఆరని మెట్టు మీద అటు తిరిగి కూర్చున్నారు. ఒళ్లో కరెంటు తీగ అలాగే ఉంది.

పాపను భుజాన వేసుకుని ఒక చేత్తోనే పని చేశాను. బొడ్డు ఊడేదాకా తుడవమని ఆసుపత్రిలో ఇచ్చిన స్పిరిట్ సీసా అడుగున కాస్త మిగిలి ఉంది. దూది ముంచి ఒక్కొక్క పన్నూ తుడిచాను. దూది పసుపు పచ్చగా వచ్చింది. మళ్లీ ముంచాను. రబ్బరుతో నిదానంగా ఒకే వైపు రుద్దాను. బరువుగా రుద్దితే ఆ బంగారం లేచిపోతుందేమోనని భయం, తేలిగ్గా రుద్దితే మిగిలిపోతుందేమోనని భయం. వైరు మూతిలోకి కూడా ఆ జిగురు పోయి ఉంటుందని, దాన్ని పక్కన పడేసి, తెచ్చిన కంప్యూటర్‌లో సీడీలు తిప్పే పెట్టెకున్న వైరు పీకి తెచ్చాను. ఆ పెట్టెతో మాకు పని లేదు. స్పిరిట్ ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాను. పాప నా మెడ దగ్గర ఎక్కిళ్లు పెడుతోంది. ఆ ఎక్కిళ్లను కూడా లెక్కపెట్టాను, వరసగా వస్తున్నాయా అని.

అన్నీ బిగించాక తీగ కావలసి వచ్చింది.

గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. "మావయ్యా, తీగ."

ఆయన ఇటు తిరగలేదు. "సేతులు బయటే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరలు, ముక్కలూ ఏవీ లోపల పడిపోనేదు గదా?"

"లేదు."

లేచి వచ్చి, నన్ను దాటుకుని, వంగి లోపలికి ఒకసారి చూసి, తనే తీగ పెట్టారు. స్విచ్ కూడా తనే వేశారు. తరవాత గోడకు ఆనుకుని నిలబడ్డారు. వెళ్లిపోలేదు.

స్క్రీన్ వెలగడానికి చాలా సేపు పట్టింది. వెలిగాక నేను తెరవకముందే మూలన చిన్న చప్పుడైంది. ముందున్న డిస్క్ కింద మాది, దాని పక్కన ఒక అక్షరం. నొక్కితే తెరుచుకుంది. మా పెళ్లి ఫోటోలు, నా డిగ్రీ సర్టిఫికెట్లు, పాప అని పేరు పెట్టిన ఫోల్డరు. అందులో మూడు వీడియోలు.

ముందు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తరవాత ఫోనులోకి. అవి చేరాకే మూడోది తెరిచాను. మిగిలిన రెండూ మొదలైపోయాక అందుకున్నవి, మూడోది మొదటినుంచీ ఉన్నది. ఆ సాయంత్రం నేను అనుమానంతో ముందే కెమెరా పెట్టుకుని కూర్చున్నాను.

పాప నిద్రపోతోంది. కదలడం లేదు. ఉన్నట్టుండి చేతులు లేచాయి. టక్ టక్ టక్. ఇన్ని రోజుల తరవాత చూడడం ఇదే. టక్ టక్. వీడియోలో నా గొంతు, అమ్మా అమ్మా అని. నా చెయ్యి వచ్చింది. కెమెరా పైకప్పు వైపు తిరిగింది. అయిపోయింది.

"మిగతాది ఏది?" అన్నాను.

కింద అంకె చూశాను. చేతులు కదలడం మొదలైన దగ్గరినుంచి చివరిదాకా పందొమ్మిది సెకన్లు.

"తెగిపోయింది మావయ్యా. డిస్క్ పాడైంది. మిగతాది పోయింది." నాకు ఏడుపు వచ్చేసింది. "రెండు నిమిషాలు ఉండాలి."

"ఇంతే గదమ్మా," అన్నారాయన. గోడ దగ్గరినుంచి వచ్చి స్క్రీన్ ముందు వంగారు. అంతవరకు ఆయన ఆ వీడియోలు చూడలేదు, చూపిస్తానన్నా వద్దనేవారు. "మళ్లీ ఎయ్యి."

వేశాను. ఈసారి ఆయన చూస్తున్నారు, నేను ఆయన్ను చూస్తున్నాను. పాప చేతులు ఎగురుతున్నప్పుడు ఆయన కింది పెదవి పళ్లతో కరుచుకున్నారు.

"ఆయేళ నాను పక్కగదిలోనే ఉన్నాను. నీ కేక విని లేచి వచ్చీసరికి నువ్వు ఎత్తీసుకున్నావు. ఇంతే అయ్యింది."

"మీకెలా తెలుస్తుంది, మీరు పక్కగదిలో ఉంటే?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "అన్నం పెట్టీనా?" అని వంటింట్లోకి వెళ్లారు. ఆ పూట ఆయనే వడ్డించారు.

సోమవారం పొద్దున్నే బస్సెక్కాను. దారంతా ఒకటే ఆలోచన. డిస్క్‌కు నీళ్లు తగిలి వీడియో సగం పోయిందని డాక్టరు గారికి ముందే చెప్పాలి. లేకపోతే ఆయన ఆ పందొమ్మిది సెకన్లే నిజమనుకుంటారు, పాప జబ్బును చిన్నదనుకుంటారు.

చెప్పాను కూడా. ఆయన విన్నారు. మూడు వీడియోలూ వరసగా చూశారు. మూడోదాన్ని నాలుగుసార్లు చూశారు. తరవాత ఫోను నా వైపు తిప్పి బల్ల మీద పెట్టారు.

"ఇక్కడ చూడండి. పాప కదలకుండా పడుకుంది. ఇది ముందు. ఇక్కడ మొదలైంది. ఇక్కడ మీ చెయ్యి వచ్చింది. ఇదిగో, మీరు ఎత్తగానే కళ్లు తెరిచింది, మిమ్మల్ని చూస్తోంది. చేతులు ఆగిపోయాయి. ఇందులో ఎక్కడ తెగింది?"

నేను చూశాను. ఆయన వేలితో ఆపిన చోట పాప కళ్లు నా ముఖం వైపే ఉన్నాయి. ముందు రోజు చూసి కూడా ఆ కళ్లను నేను చూడలేదు. చేతుల్నే చూశాను.

"మీరు ఎత్తగానే ఆగిందని మంగళవారం నాకు చెప్పలేదు," అన్నారు.

"నాకు గుర్తు లేదు."

"మిగిలిన రెండింట్లో కూడా అంతే. మూడూ నిద్రలోనే. మెలకువగా ఉన్నప్పుడు ఎప్పుడైనా?"

"లేదు సార్."

"మూర్ఛ అయితే ఎత్తుకుంటే ఆగదమ్మా. ఇది కొందరు పసిపిల్లలకు నిద్రలో వస్తుంది, నెలలు గడిస్తే పోతుంది. మంగళవారం తరవాత మళ్లీ వచ్చిందా?"

"రాలేదు."

ఆయన పాత కాగితం తీశారు. అందులో రెండు నిమిషాలు అని ఉన్నచోట ఒక గీత కొట్టి, పైన పందొమ్మిది సెకన్లు అని రాశారు. మందు ఇప్పుడు వద్దు. నెల తరవాత తీసుకురండి. మెలకువలో వచ్చినా, ఎత్తుకున్నా ఆగకపోయినా అదే రోజు రండి. అంతే. తరవాతి పేరు పిలిచారు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. సంతోషం వెంటనే రాలేదు. నేను అబద్ధం చెప్పలేదు. ఆ రెండు నిమిషాలు నేను గడిపాను, ప్రమాణం చెయ్యమంటే చేసేదాన్ని. ఆ డిస్క్ తెరుచుకోకపోయి ఉంటే ఆయన నా మాటే నమ్మేవారు. నేనే చెంచా పట్టుకుని పాప పెదవులు విడదీసేదాన్ని.

మావయ్యకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"ఏటన్నారు?"

"మందు వద్దన్నారు మావయ్యా."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడైంది.

"వీడియో తెగలేదట. అంతేనట. మీరన్నదే."

"నానేటన్నాను? నా మాటకేటి, నాను డాక్టరునా." గొంతు సవరించుకున్నారు. "గుంట పాలు తాగిందా?"

"తాగింది. నిన్న నేనన్నవి..."

"ఎండెక్కీకముందే బేగి బస్సెక్కు. సీటు దొరక్కపోతే తరవాత బస్సుకి రా. నిలబడి రావొద్దు," అని పెట్టేశారు.

కిటికీ పక్క సీటు దొరికింది. ఖిదిర్‌పూర్ దాటేసరికి పాప ఒళ్లో నిద్రపోయింది. వంతెన మీద బస్సు ఆగి ఉండగా, ఆరు రోజుల తరవాత, పాప కుడి చెయ్యి లేచింది. వెంటనే ఎడమది. టక్ టక్. చెయ్యి సంచీలో ఫోను కోసం వెళ్లింది, కాని కెమెరా తెరవలేదు. గడియారం తెరిచి సెకన్లు మారుతున్న చోట కళ్లు పెట్టాను. నాలుగు. అయిదు. ఆరు. ఎత్తుకోకుండా ఉండడం ఎంత కష్టమో. ఏడు. ఎనిమిది దగ్గర నా ఎడమ అరచెయ్యిని పాప చెంప కింద పెట్టాను. పాప కళ్లు సగం తెరిచి, నన్ను చూసి, మూసుకుంది. చేతులు ఒళ్లో వాలిపోయాయి.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా ముఖం చూసి, పాపకేమైంది తల్లీ అని బెంగాలీలో అడిగింది.

"ఘుమోచ్ఛే," అన్నాను. నిద్రపోతోంది.